అరువు అయ్యగారు

మెథడిస్టు మిషన్ పెద్దయ్యగారికి ఒకే ఒక్క జబ్బు ఉండేది. ఏ గడప తొక్కినా ఏదో ఒకటి అరువు అడగడం, తెచ్చుకున్నదాన్ని తీసుకెళ్ళి ఇంకొకరింట్లో మరిచిపోవడం.

మిగతా విషయాల్లో మాత్రం ఆయన జ్ఞాపకశక్తికి ఢోకా లేదు. సముద్రం దాటి వచ్చి, జుట్టు నెరిసేదాకా ఇక్కడే ఉండిపోయిన మనిషి. ఏ ఆదివారం ఏ మందిరంలో ఎవరు ప్రసంగించాలో, ఏ బడి పైకప్పు కారుతోందో, ఆసుపత్రిలో ఏ మంచానికి కాలు విరిగిందో అన్నీ నాలిక చివర ఉండేవి. అరువు సొత్తు దగ్గరికి వచ్చేసరికే బుర్ర ఖాళీ. “ఈయన్ని ఎలా కన్నదో ఆ మహాతల్లి!” అని వంటావిడ రోజూ అనుకునేది.

దర్జీ కొట్టుకి వెళ్ళేవాడు.

“కత్తెర ఒకసారి ఇస్తావా నాయనా?”

“కత్తెర మీకిచ్చి గుడ్డ నేను పళ్ళతో కొరకాలా అయ్యగారూ?”

“సాయంత్రానికల్లా తెచ్చిస్తాగా!”

ఏ సాయంత్రమో చెప్పేవాడు కాదు. వెతగ్గా వెతగ్గా ఆ కత్తెర దర్జీ బావమరిది గుండీల కొట్లో తేలింది. వాళ్ళిద్దరికీ మాటల్లేవు. అయినా కత్తెర లేకపోతే పొట్ట గడవదు కదా, దర్జీ తిట్టుకుంటూ వెళ్ళాడు.

వడ్రంగి ఇంకా తెలివైనవాడు. అయ్యగారు వీధి మలుపు తిరగడం చూసి, గబగబా ఇంటికప్పు ఎక్కి నిచ్చెన కూడా పైకి లాగేసుకున్నాడు. అయ్యగారు కింద నిలబడి వాడి నడుము నొప్పి దగ్గర్నుంచి వాడి పిల్లల చదువులదాకా తీరిగ్గా అడిగాడు. వడ్రంగి ఎండలో మాడుతూ జవాబులు చెప్పాడు. “నిచ్చెన వద్దులే నాయనా, ఆ సుత్తి పడెయ్యి చాలు” అన్నాడాయన చివరికి. అప్పటికి వాడు దిగితే చాలుననుకునే స్థితిలో ఉన్నాడు. సుత్తి ఆ తర్వాత గోడకవతల వాళ్ళ అన్న ఇంట్లో దొరికింది.

ఊరంతా సమర్పించుకున్నా, వంటావిడ మాత్రం తన పెనం ఇవ్వలేదు. అది వాళ్ళమ్మ పెనం. తల్లి పోయాక అది ఎవరిదన్న దగ్గరే ఆవిడకీ చెల్లెలికీ చెడింది. “ప్రాణమైనా ఇస్తాను గానీ పెనం జోలికి రాకండి” అని అయ్యగారికి ముందే చెప్పేసింది.

ఇలా ఉండగా, గొడుగు పోయిన మహానుభావుడెవరో పైవాళ్ళకి ఫిర్యాదు చేశాడు. పెద్దయ్యగారికి మతి పోయిందట. నిజమో కాదో తేల్చడానికి సముద్రం అవతల నుంచి తనిఖీ అయ్యగారు దిగాడు. నిజమని తేలితే పెద్దయ్యగారిని వచ్చే ఓడకే ఇంటికి పంపించేస్తారు. ఆ మాట వినేసరికి వంటావిడ గుండెల్లో రాయి పడింది.

భోజనాల బల్ల దగ్గరే విచారణ మొదలైంది.

“దర్జీ కత్తెర ఎక్కడ పెట్టారు?”

“ఏమోనండీ.”

“వడ్రంగి సుత్తి?”

“గుర్తులేదు.”

“పోనీ, ఆ గొడుగు?”

“గొడుగా? ఏ గొడుగు?”

టీ పోస్తున్న వంటావిడకి ఒళ్ళు మండిపోయింది. కత్తెర బావమరిది దగ్గర, సుత్తి అన్న దగ్గర, గొడుగు దాని ఆసామితో వేరుపడ్డ కోడలి దగ్గర... మనసులో లెక్కపెడుతూ టక్కున ఆగిపోయింది. అన్నీ పచ్చగడ్డి వేస్తే భగ్గుమనే ఇళ్ళే! టీ కప్పు పొర్లిపోయి బల్లంతా కారింది.

పెద్దయ్యగారు వంటింట్లోకి రాగానే నిలదీసింది. “మీకన్నీ గుర్తున్నాయి!”

“హుష్! వారం వారం ప్రార్థన కూటంలో చూడవూ? మాటల్లేనివాళ్ళు బల్లకి ఆ కొసనొకరు, ఈ కొసనొకరు కూర్చుంటారు. కొందరైతే ఏకంగా బల్లే మార్చేస్తారు.”

చెల్లెల్ని చూసి బల్ల మార్చిన వంటావిడ పొయ్యి వైపు తిరిగింది. “ఈ సంగతి తనిఖీ అయ్యగారికి చెప్పేస్తాను.”

“చెబితే ఊరంతా పాకుతుంది. నేను కావాలనే చేశానని తెలిస్తే, ఆ తర్వాత ఎవరు ఎవరి గడప తొక్కుతారు?”

“మరి మిమ్మల్ని ఓడెక్కిస్తే?”

“ఎక్కుతాను. ఎక్కాలని మాత్రం లేదమ్మా.”

ఆవిడకి ఏడుపొచ్చింది. ఉల్లిపాయల బుట్ట ముందుకు లాక్కుంది.

మర్నాడు పొద్దున్నే పెద్దయ్యగారు తనిఖీ అయ్యగారి గదిలోకి వెళ్ళి, “ఒక్క నిమిషం మీ కళ్ళజోడు ఇస్తారా?” అన్నాడు. ఆసుపత్రికి వెళ్ళొచ్చేసరికి చేతిలో కళ్ళజోడు లేదు.

“నా కళ్ళజోడేదండీ? అది లేకపోతే నేను రిపోర్టెలా రాయను?” తనిఖీ అయ్యగారు ఇల్లు పీకి పందిరేశాడు.

“పెద్ద నర్సమ్మ బల్ల మీద మరిచిపోయినట్టున్నానండీ.”

తనిఖీ అయ్యగారి మొహం మాడిపోయింది. పెద్ద నర్సమ్మ ఆయనకి స్వయానా అక్క. వద్దంటున్నా వినకుండా ఆవిడ ఈ దేశం వచ్చేసిందని, ఆనాడు సాగనంపడానికి రేవుకి కూడా వెళ్ళని తమ్ముడు ఈయన. ఇప్పుడు కూడా అన్నీ చూశాడు గానీ, ఆసుపత్రి ఛాయలకి పోలేదు.

“వంటావిడని పంపండి” అన్నాడు.

“అయ్యో, పొయ్యి మీద కూర మాడిపోతుందండీ!” అందావిడ. పొయ్యి ఇంకా వెలిగించనే లేదు.

పాపం, గోడ తడుముకుంటూ ఆయనే బయల్దేరాడు. భోజనానికి రాలేదు. టీ వేళకీ రాలేదు. పొద్దువాలాక వచ్చాడు. కళ్ళజోడు ముక్కు మీదుంది, పక్కన అక్క ఉంది. ఇద్దరి కళ్ళూ ఎర్రగా ఉన్నాయి, మధ్యమధ్యలో నవ్వుకుంటున్నారు కూడా.

“మీకు మతిమరుపు బాగా ముదిరిందండీ” అన్నాడు తనిఖీ అయ్యగారు గంభీరంగా. “ఓడెక్కిస్తే ఆ ఓడనే ఎక్కడో మరిచిపోతారు. అంత నష్టం మిషన్ భరించలేదు. మీరు ఇక్కడే ఉండండి.”

“అమ్మయ్య!” అని వంటావిడ పైకే అనేసింది.

మర్నాడు పెద్దయ్యగారు చెప్పులేసుకుంటుంటే, తళతళా తోమిన పెనం తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

“ఇదేంటమ్మా? నేను అడగలేదే!”

“అడక్కపోయినా ఇస్తున్నాను. మా చెల్లెలింటి వైపు వెళ్ళరూ?”

“వెళ్ళొచ్చు గానీ, నాకసలే మతిమరుపు. అక్కడే వదిలేస్తానేమో!”

“వదిలేస్తే నేనే వెళ్ళి తెచ్చుకుంటాను లెండి” అందావిడ చీరకొంగుతో చేతులు తుడుచుకుంటూ. “పచ్చ తలుపు ఇల్లు. ఆ ఒక్కటి మాత్రం మరిచిపోకండి.”