పాట ముందరి ఊపిరి

మా మేనత్త ఏం మాట్లాడబోయినా ముందు గుండె నిండా ఊపిరి తీసుకునేది. ఒక పాటకు సరిపడా గాలి అది. ఇంతా చేసి అడిగేది మాత్రం, "అన్నం తిన్నావేటి?" అని.

ఎనభైలలో, పెళ్లికి ముందు, ఆవిడ ఒడిశాలోని కటకం వెళ్లి ఒక పాప్ క్యాసెట్‌లో మొదటి పాట పాడింది. బరంపురం కొట్లలో కొన్నాళ్లు మోగాక దాన్ని అందరూ మరిచిపోయారు. పెళ్లయ్యాక, ఇంట్లో మిగిలిన ఒక్క క్యాసెట్ అంచున రికార్డింగును అడ్డుకునే కన్నానికి మామయ్య కాగితం అంటించి, వాళ్లమ్మ కోసం ఆ పాటల మీదే రేడియోలో వచ్చే ఒడియా భజనలు రికార్డు చేసేశాడు.

"కోపం రాలేదా అత్తా?" అని ఒకసారి అడిగాను.

ఊపిరి తీసుకుంది. "మా అత్త ఎంత సంబరపడిపోనాదో! ఇంకేటి సెప్పాల్రా?" అంది.

మొన్న మేనత్త పెద్దకర్మ అయ్యాక మామయ్య ఆ క్యాసెట్ పెట్టాడు. ఆనాడు రికార్డు బటను కాస్త ఆలస్యంగా నొక్కాడు కాబోలు, మొదట్లో గిటారు మిగిలింది. గిటారు ఆగగానే అత్త గుండె నిండా ఊపిరి తీసుకుంది. వెంటనే భజన మొదలైంది.

మామయ్య టేపు వెనక్కి తిప్పాడు. మళ్లీ గిటారు. మళ్లీ ఆ ఊపిరి.

"తిన్నానత్తా," అన్నాను.