వంటావార్పుల ఆగిపోయిన నా నవల

నా పుస్తకాలు నేనే అచ్చేసుకుంట, నేనే సంచిల మోసుకపోయి అమ్ముకుంట. దయ్యాలు, ప్రేమలు, హత్యలు, ఏదడిగితే అది ఉంటది. ఇయ్యాల దేవరుప్పుల బస్టాండ్ల చాయ్ తాగుతుంటె ఒక అక్క వచ్చి ముంగట నిలవడ్డది.

“ఉద్యమంల మాకు కథ సదివినోనివి నువ్వే కదా అన్నా?”

గుర్తొచ్చింది. తెలంగాణ కోసం రోడ్డు మీదనే వండుకొని తిన్న వంటావార్పు అది. అన్నం ఉడికేదాక అప్పటికి ఇంక అచ్చుగాని నా హత్య నవల సదివి వినిపిస్తున్న. కథల, బాయిల ఒక పిల్లగాని శవం తేలింది. ఎవరు సంపిన్రో చెప్పకముందే పోలీసులొచ్చి మగోళ్లందర్ని బండెక్కిచ్చుకపోయిన్రు.

ఇన్నేండ్లకు ముగింపు అడిగే మనిషి దొరికిందని ఖుషీగ పుస్తకం తీసిన. “సంపినోడు ఆఖరి పేజీల దొరుకుతడక్కా.”

ఆమె ముట్టుకోలే. “మిమ్ముల తీస్కపోయినంక మిగిలిన కథ మేమే చెప్పుకున్నం అన్నా. గప్పుడు దినాం పేపర్ల తెలంగాణ రావాలని మన పిల్లలు సచ్చుడే. ఇంక కథల గూడ ఎందుకని గా పిల్లగాన్ని బతికిచ్చినం. బాయిల తేలింది ఒట్టి అంగీ అనుకున్నం.”

“మరి ఇప్పుడేం జేస్తున్నడక్కా?”

“భూపాలపల్లి బొగ్గుబాయిల నౌకరి దొరికింది. పెండ్లి గూడ అయింది,” అని నవ్వుకుంట బస్సెక్కింది.

పుస్తకం మల్ల సంచిల పెట్టుకున్న. అండ్ల వాడు ఇంక సచ్చే ఉన్నడు. మీరైతే ఆమెకు ఇచ్చేటోళ్లా?