తల్లి అని మాత్రమే రాయించాను

పోలీసు చర్య జరిగిన మరుసటి ఏడు మా అమ్మను వెంటబెట్టుకుని పాకిస్తాన్‌లోని సింధుకు వెళ్లాను. అప్పటికి నేనొక తెలుగు దినపత్రికలో ఉపసంపాదకుణ్ణి. ఛత్రినాకలో మా ఇల్లు. చెల్లెలిని బార్కస్‌లో ఇచ్చాం. ఆమె అత్తవారు గొడవలకు భయపడి దేశం దాటి వెళ్లిపోయారు. అక్కడ ఆమెకు తొలి కాన్పు. నాన్న లేడు, మగతోడు లేకుండా అమ్మ వెళ్లే వీల్లేదు. జీతం లేని సెలవు పెట్టాను.

నెల రోజుల పర్మిట్ అయితే తేలికగానే దొరికేది. కాన్పు దాకా ఉండాలంటే మూడు నెలలది కావాలి. వెళ్లినవాళ్లు అక్కడే ఉండిపోతారని అనుమానం కాబట్టి దానికి సవాలక్ష ప్రశ్నలు.

"ఎవరెవరు పోతున్నరు?" అని అడిగాడు పర్మిట్ ఆఫీసు గుమాస్తా.

నా పేరు చెప్పాను.

"ఆమె?"

వెనక బురఖాలో నిలబడ్డ అమ్మ నా చొక్కా పట్టి లాగింది. ఇంటి ఆడవాళ్ల పేరు పరాయి మగవాళ్ల ముందు పలకడం మా ఇళ్లలో తప్పు. నాన్న నోట కూడా నేనా పేరు ఎన్నడూ వినలేదు.

"మా తల్లి అని రాయండి భాయ్," అన్నాను.

గుమాస్తాదీ పాతబస్తీయే. తలెత్తకుండా నా పేరు పక్కన 'తల్లితో సహా' అని రాసి ముద్ర కొట్టాడు. పూర్తి పేరు లేని వార్తను విలేకరికి తిప్పి పంపడం నా ఉద్యోగం. ఆ రోజు మాత్రం, మర్యాద తెలిసిన మనిషి దొరికాడని సంతోషించాను.

నాలుగు రైళ్లు మారాం. చివరిది ఎడారిలో ఒక రేకుల షెడ్డు దగ్గర ఆగిపోయింది. అక్కడినుంచి సరిహద్దు అవతలి ఠాణా దాకా ఇసుకే. ఒక ఒంటెను మాట్లాడాను.

"ఎక్కు అమ్మీ."

"దాని మొఖం చూసినవా బేటా? మీ మేనత్త లెక్కనే మూతి తిప్పుతాంది. నేను నడుస్త."

నడిచింది. రేకుల షెడ్డు కనుమరుగయ్యాక ఒకసారి ఆగి, "వచ్చేటప్పుడు గిదే తొవ్వనా?" అని అడిగింది. ఇదేనన్నాను.

మంత్రసాని లెక్క తప్పింది. పర్మిట్ గడువు నెల రోజులే ఉందనగా ఆడపిల్ల పుట్టింది. కాన్పయ్యాక నలభై రోజులు బాలింత గడప దాటదు. దాన్ని చిల్లా అంటాం. చివరినాటి స్నానం కన్నతల్లి చేయించాలని అమ్మ పట్టుదల. గడువేమో దానికి పది రోజుల ముందే తీరిపోతుంది.

"పోదాం అమ్మీ. తారీఖు దాటితే లొల్లి అయితది," అన్నాను.

"పచ్చి బాలింతను ఇడిచిపెట్టి వచ్చిందని నలుగురు అంటే నాకు ముఖముంటదా? నువ్వు పో, నీ నౌకరి పోతది. పది దినాలకు ఇంకో కాగితం పంపియ్యి. పేపర్ల పని చేస్తవు, గింత చేతగాదా?"

మంచం మీదనుంచి చెల్లెలు అంది: "తోలుకపో భాయ్. స్నానం మా అత్త చేయిస్తది."

"మీ అత్త నీళ్లు కాగవెట్టెసరికి నీ బిడ్డ నడుస్తది," అంది అమ్మ.

అందరం నవ్వాం. గడువు పొడిగించరేమోనన్న ఆలోచనే నాకు తట్టలేదు. ఫికర్ చేయొద్దని చెప్పి బయలుదేరాను.

ఇసుక దాటి వచ్చాక, ఇటువైపు అధికారి పర్మిట్ చూసి తల్లి ఎక్కడని హిందీలో అడిగాడు. పది రోజుల్లో వస్తుందన్నాను.

"ఏ కాగితం మీద వస్తుంది?" అన్నాడాయన.

ఇద్దరికీ ఉన్నది ఆ ఒక్క కాగితమే. అది లేకుండా నేను దాటలేను. ఆయన దాన్ని తీసుకుని, ఒకరు తిరిగి వచ్చారని పుస్తకంలో రాసుకున్నాడు.

హైదరాబాదు చేరిన రోజే దరఖాస్తు పెట్టాను. ఈసారి అమ్మ పేరు రాశాను. నా చేత్తో ఆ పేరు రాయడం అదే మొదలు. మూడు వారాలకు జవాబు వచ్చింది: ఈ పేరుగల స్త్రీ ఎవరూ ఇక్కడినుంచి వెళ్లినట్టు దాఖలా లేదు.

పాత గుమాస్తా దగ్గరికి పరుగెత్తాను.

"కాగితంల తల్లి ఉన్నది భాయ్. ఏ తల్లి అని నేనెట్ల చెప్పాలె? మీరు చెప్పిందే రాసిన," అన్నాడు. అతని గొంతులోనూ బాధ ఉంది.

మళ్లీ మళ్లీ రాశాను. అవే మాటలు తిరిగి వచ్చాయి. పత్రికాఫీసులో ప్రమాదాల వార్తలు దిద్దుతుంటే, 'పేరు తెలియని స్త్రీ' అన్నచోట నా కలం ఆగిపోయేది. పక్కనున్నవాళ్లు తప్పేమిటని అడిగేవారు. తప్పేమీ లేదనేవాణ్ణి.

ఉత్తరాల్లో మాత్రం, ఈ నెల తప్పక వస్తావని అమ్మకు రాస్తూ వచ్చాను. చివరికి చెల్లెలు రాసింది: "గట్ల రాయకు భాయ్. నీ ఉత్తరం అందినప్పటి సంది అమ్మీ మూట కట్టుకొని గడపల కూసుంటది. ఎంత బతిమాలినా అన్నం ముట్టది."

తర్వాతి ఉత్తరంలో ఆ ఊసెత్తలేదు. బోనాల సందడి గురించి రాశాను, వానల గురించి రాశాను.

అమ్మ చెప్పి రాయించిన జవాబు వచ్చింది. ఎప్పుడు వచ్చేదీ అడగలేదు. తన అర్రను ఊరికే పాడుపెట్టవద్దని, మంచివాళ్లెవరికైనా కిరాయికి ఇమ్మని ఉంది.

అడగడానికి చాలామందే వచ్చారు. లోపల మనిషి ఉందని చెప్పి పంపేశాను.