వీపు మీద సున్నపు గీత

దయ్యాలున్నాయని చెప్పేవాళ్లను మా గడప ఎక్కనిచ్చేవాణ్ని కాదు. ఇప్పటికీ నమ్మను. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, అంతే.

అశ్వారావుపేట దగ్గర మాది ఒకప్పుడు పెద్ద ఇల్లు. పొలమంతా చేతులు మారి పామాయిల్ తోటలైంది. మిగిలింది ఇంటిపేరూ, వంగని నా నడుమూ.

పోయిన ఎండాకాలం నాలుగడుగులు వేస్తే ఆయాసం మొదలైంది. వెల్లకిలా పడుకోలేకపోయాను. ఖమ్మంలో ఎక్స్‌రే తీస్తే కుడివైపు సగం తెల్లగా కనబడింది. ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరిందట. సూదితో తీసి, ఎందుకు చేరిందో పరీక్షకు పంపాలన్నారు.

చొక్కా విప్పి స్టూలు మీద కూర్చున్నాను.

"పెద్దాయనా, ముంగటికి వంగు. టేబుల్ మీద చేతులు పెట్టి తల ఆనించు" అంది నర్సు.

నన్ను వంగమన్నవాళ్లు అంతకుముందు లేరు. కదల్లేదు.

"గింత జబ్బు చేసినా మీ నడుం వంగదా? వంగుండ్రి" అంది నా భార్య.

వంగాను. నర్సు డాక్టరును పిలవడానికి వెళ్లింది. నా భార్య తెర బయట కూర్చుంది.

అప్పుడు వెనక నుంచి ఎవరో నా వీపు మీద వేలి కణుపులతో కొట్టారు. రెండు దెబ్బలు, ఆగి ఒకటి. నడుము దగ్గర మొదలై పైకి. మొద్దు చప్పుడు, మళ్లీ మొద్దు చప్పుడు, రెక్క ఎముక కింద ఒక్కసారిగా బోలుగా మోగింది. అక్కడ తడి వేలితో అడ్డంగా గీశారు. నొప్పెట్టేలా కొట్టారు. డాక్టరే అనుకుని పళ్లు బిగపట్టాను.

కానీ ఆ కొట్టుడు నాకు తెలుసు. మా జీతగాడు బుచ్చయ్య వడ్ల గుమ్మిని అట్లాగే కింది నుంచి కొట్టుకుంటూ వచ్చి, లోపల వడ్లు ఎందాక ఉన్నాయో సున్నంతో గీసేవాడు. ఒక ఏడాది వడ్లు గీతకు జానెడు కిందికి దిగాయి. నలుగురిలో వాణ్ని దొంగ అన్నది నేనే.

"నా గీత తప్పదు దొరా" అని తువ్వాల దులుపుకొని వెళ్లిపోయాడు.

తర్వాత గుమ్మి అడుగున పందికొక్కుల బొక్క బయటపడింది. అయినా పిలిపించలేదు. అన్న మాట వెనక్కి తీసుకోవడం మా ఇంట్లో లేదు. బుచ్చయ్య చనిపోయి చాలా ఏళ్లయింది.

డాక్టరు అప్పుడే లోపలికి వచ్చాడు. "ఈ మార్కు ఎవరు పెట్టిండ్రు?"

"నేను పెట్టలే సార్. గీ పెద్దాయనే ఏందో పూసుకొని వచ్చిండు" అంది నర్సు.

స్కానింగ్‌లో నీరు సరిగ్గా ఆ గీత దాకానే ఉంది. తుడిచిన దూదికి సున్నం అంటింది. తెర దాటి ఎవరూ లోపలికి రాలేదని నా భార్య ఒట్టేసింది.

నీటిలో క్యాన్సర్ కణాలున్నాయని తేలింది. నెల తిరగకముందే మళ్లీ నిండింది. పక్కటెముకల మధ్య సన్నటి పైపు పెట్టారు. రోజు విడిచి రోజు నా భార్య ఇంట్లోనే సీసాలోకి నీరు తీస్తుంది. దాంతో జబ్బు పోదు, ఊపిరి ఆడుతుంది. పైపు మూత తీసేముందు ఆమె నా వీపు చూస్తుంది. కొన్నిసార్లు గీత ఉంటుంది.

వచ్చేది ఎవరో, సాయానికో కక్షకో, ఈనాటికీ చెప్పలేను.

మొన్న పగలు గదిలో ఒక్కణ్నే ఉండగా దెబ్బలు మొదలయ్యాయి. వంగే ఉన్నాను.

"నీ గీత తప్పలేదు బుచ్చయ్యా" అన్నాను. జీవితంలో నేను వెనక్కి తీసుకున్న మాట అదొక్కటే.

చెయ్యి ఆగింది. కాసేపటికి మళ్లీ నడుము దగ్గర నుంచి మొదలుపెట్టింది, ఇంతకుముందుకన్నా గట్టిగా.