ఇరవై మూడో బెంచీ

మొన్న మా పాత చర్చి నుంచి ఉత్తరం వచ్చింది. బెంచీలన్నీ తీసేసి మెత్తటి కుర్చీలు వేస్తున్నారట. నడుం నొప్పితో వేగే నాలాంటిదానికి శుభవార్తే. అయినా చదివి కాసేపు మూతి ముడుచుకుని కూర్చున్నాను. ఆ బెంచీలంటే నాకు మా అత్తగారు గుర్తొస్తారు.

ఎనభైల మొదట్లో మేము అమెరికాలో ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఉండేవాళ్లం. మా అమ్మకు వీసా రాకపోవడంతో నా మొదటి పురిటికి అత్తగారే కృష్ణా జిల్లా నుంచి వచ్చారు. మిషన్ బడిలో రిటైరైన టీచరు. ఇంగ్లీషు బ్రహ్మాండంగా చదివేవారు, మాట్లాడాల్సొస్తే మాత్రం నా వెనక్కి జరిగేవారు. మొదటి ఆదివారం చర్చిలో అడుగుపెట్టగానే "ఇదేంటమ్మాయ్, మగాళ్లూ ఆడాళ్లూ ఒకే బెంచీ మీదా?" అని నా మోచేయి గిల్లారు. ఊళ్లో మందిరంలో చాపల మీద మగవాళ్లు అటు, ఆడవాళ్లు ఇటు కూర్చోవడమే ఆవిడకు తెలుసు. ఇక్కడ పూర్వం ఒక్కో కుటుంబానికి ఒక్కో బెంచీ ఉండేదనీ, ఎవరెక్కడ కూర్చున్నారో ప్రతి ఆదివారం పుస్తకంలో రాసేవారనీ చెబితే మాత్రం ఆవిడ కళ్లు మెరిశాయి. ముక్కూమొహం తెలియని మనిషినైనా ఇంటిపేరూ, అమ్మగారి ఊరూ అడిగి ఐదు నిమిషాల్లో ఏదో ఒక చుట్టరికం తేల్చే మనిషి మరి.

ఆ పుస్తకాలు చర్చి ఆఫీసు చూసుకునే అమెరికన్ పెద్దావిడ దగ్గర ఉండేవి. డెబ్బై దాటిన ఆవిడకు ఒకటే దిగులు. తల్లిదండ్రులది ఈ చర్చేనట గానీ, రెండేళ్ల వయసులో తల్లి పోయింది. తండ్రి వేరే ఊరు తీసుకుపోయి మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. పెద్దయ్యాక ఈ ఊరు తిరిగొచ్చినా, తల్లి పేరు తప్ప ఆమె పుట్టింటివాళ్లెవరో ఈవిడకు తెలియదు. పెళ్లిళ్ల పుస్తకం ఎప్పుడో తడిసి పాడైంది. బాప్తిస్మాల పుస్తకంలో ఆ పేరున్న ఆడపిల్లలు పదిమంది. బెంచీల పుస్తకంలోనేమో ఎక్కడ చూసినా భర్త పేరు ముందు ‘మిసెస్’ తగిలించి వదిలేశారు. "నేనెవరి మనిషినో తెలియకుండానే పోతానేమో" అని ఒకరోజు టీ తాగుతూ అంది. నేను ఆ మాట తెలుగులో చెప్పగానే అత్తగారు కప్పు పక్కన పెట్టి సంచిలోంచి కళ్లజోడు తీసి పెట్టుకున్నారు.

తర్వాత మూడు వారాలు ఆ పుస్తకాలు తిరగేయడమే మా పని. నిండు నెలలతో నేను మంచులో డ్రైవ్ చేయడం, పక్క సీట్లో ఆవిడ పైకే ప్రార్థన చేయడం. ఆఫీసులో మధ్యాహ్నం నాకో సున్నుండ, పెద్దావిడకో సున్నుండ. చివరికి అత్తగారు బెంచీల పుస్తకంలో ఒక పేజీ మీద వేలు పెట్టారు.

"ఈవిడ పుట్టింది మార్చిలో కదా? ఇదిగో చూడు. ఆ ఏడు జనవరి నుంచి మే దాకా వాళ్లమ్మ మొగుడి బెంచీలో లేదు, ఇరవై మూడో బెంచీలో కూర్చుంది. పురిటికొచ్చిందమ్మాయ్! అదే దాని పుట్టిల్లు!"

నేను చెప్పగానే పెద్దావిడ నవ్వేసింది. "మాలో పురిటికని పుట్టింటికి వెళ్లే ఆచారం లేదు, డియర్" అంది. నాకు తల కొట్టేసినట్టయింది. అత్తగారు మాత్రం చలించలేదు. "ఆచారం సంగతి తర్వాత. ముందు ఆ బెంచీవాళ్ల ఇంటిపేరుతో బాప్తిస్మాలు చూడమను" అన్నారు.

చూసింది. ఆ ఇంటి ఆడపిల్లల్లో ఒకామెది తల్లి పేరే. పక్కన, ఇన్నాళ్లూ కంటపడనంతగా వెలిసిపోయిన సన్నటి అక్షరాలతో, ఫలానావారితో పెళ్లయిందని తండ్రి పేరు రాసి ఉంది. పెద్దావిడ దాన్ని మూడుసార్లు చదివి, పుస్తకం మీద చెయ్యి వేసి ఏడ్చింది. కాసేపటికి ఆవిడకే గుర్తొచ్చింది, తండ్రి చలికాలమంతా ఉత్తరాన అడవుల్లో కలప పనికి వెళ్లేవాడట. భర్త ఊళ్లో లేడని తల్లి పుట్టింటికి వెళ్లిందే తప్ప పురిటికని కాదు. ఆ మాటే చెబితే అత్తగారు, "ఎందుకొస్తేనేం, వచ్చిందిగా" అన్నారు.

తర్వాతి ఆదివారం పెద్దావిడ తన ఎప్పటి చోటు వదిలి ఇరవై మూడో బెంచీలో, ఎవరైనా వచ్చి లేపుతారేమో అన్నట్టు ఒక చివర కూర్చుంది. ఆ ఇంటివాళ్లెవరూ అప్పటికి ఊళ్లో మిగల్లేదు. అత్తగారు నా పక్క నుంచి లేచారు.

"ఎక్కడికి అత్తయ్యా?" అని గొణిగాను.

"ఊహ తెలిశాక అమ్మమ్మగారింటికి మొదటిసారి వచ్చిన పిల్లని ఒక్కదాన్నే కూర్చోబెడతామా?" అంటూ వెళ్లి, పక్కన కూర్చుని, ఆవిడ చేతిని తన ఒళ్లోకి తీసుకున్నారు. నిజానికి ఆ పిల్ల మా అత్తగారికంటే పదేళ్లు పెద్దది. డెబ్బై ఏళ్లు ఆలస్యంగా చేరినా అమ్మమ్మగారింట్లో మనిషి వయసు లెక్కలోకి రాదని ఆ ఉదయం కళ్లారా చూశాను.