జెండా ముందు తాతయ్య, పక్కన తిట్లు

మిల్లు కార్మికుల ఊరేగింపులో ఏటా అందరికన్నా ముందు జెండా పట్టుకుని నడిచేది మా తాతయ్యే. కొన్నాళ్లుగా ఆయన చూపు బాగా మసకబారింది. ఆ సంగతి నాయనమ్మకు తప్ప ఎవరికీ తెలియదు. పాత దారి కాళ్లకు కంఠతా వచ్చు కాబట్టి నెట్టుకొస్తున్నాడు. రొట్టెల కొట్టు వాసన రాగానే నేరుగా, ఇనుప కొట్టు సుత్తి చప్పుడు వినగానే ఎడమకు. కళ్లద్దాలు మాత్రం అన్నీ కనబడుతున్నవాడిలా రోజూ తుడుచుకుంటాడు.

ఈసారి పోలీసులు దారి మార్చేశారు. ఇనుప కొట్టు దగ్గర ఎడమవైపు ఆఫీసుల వీధి నిషేధం. అడ్డంగా తాడు కడతారట. కుడివైపు సందులోకి తిరగాలి. ఒక్కడు తాడు దాటినా ఊరేగింపు అక్కడికక్కడే రద్దు.

తాతయ్యకు అన్నం సయించలేదు.

"సంఘం వాళ్లతో చెప్పెయ్యరాదూ?" అంది నాయనమ్మ.

"చెప్తే జెండా ఇంకొకడి చేతికిస్తారే."

"పొద్దున కొక్కేనికున్న చొక్కాని 'ఎప్పుడొచ్చావురా' అని పలకరించారు. అక్కడ పోలీసుని చొక్కా అనుకుంటే?"

తాతయ్య నవ్వలేదు. చివరికి ఆవిడే అంది, "సరే, పక్కనే తిడుతూ నడుస్తా. మనం పోట్లాడుకుంటే ఎవరికీ అనుమానం రాదు."

"దానికి నీకు సాధన కూడా అక్కర్లేదు."

మర్నాడు ఊరేగింపు కదిలింది. "ఆ వంకర నడకేంటి! కాస్త ఇటు జరగండి!" అని నాయనమ్మ అరుస్తుంటే వెనక డప్పులవాళ్లు ఒకటే నవ్వు. రొట్టెల వాసన దాటింది. సుత్తి చప్పుడు మొదలైంది. సరిగ్గా అప్పుడే ఒక కానిస్టేబుల్ ఆవిడకు అడ్డొచ్చాడు.

"సంఘం బ్యాడ్జీ లేనివాళ్లు ఇక్కడే ఆగాలమ్మా."

తిట్లు ఆగిపోయాయి. తాతయ్య ఎడమ కాలు దానంతటదే లేచింది. తాడు ఎంత దూరంలో ఉందో తెలియదు. లేచిన కాలు ఎక్కడ దించాలో తెలియదు. వెనకవాళ్లు వచ్చి వీపు మీద పడ్డారు.

"ఏమే! నోరు పడిపోయిందా?" అని కేకేశాడు.

కానిస్టేబుల్ భుజం వెనక నుంచి గొంతు చీల్చుకుని వచ్చింది జవాబు. "కుడివైపు తగలడండి! పెళ్లయినప్పట్నుంచీ నా మాట ఒక్కటైనా విన్నారా?"

ఆ ఒక్కటీ విన్నాడు. జెండా కుడికి తిరిగింది.

ఊరేగింపు ముగిశాక సంఘం కార్యదర్శి వచ్చి జెండా కర్ర అందుకున్నాడు.

"ఎన్నాళ్లుగా అన్నయ్యా?"

తాతయ్య కళ్లద్దాలు తుడుచుకున్నాడు. కార్యదర్శి నాయనమ్మ వైపు తిరిగాడు.

"వచ్చే ఏడు అన్నయ్య పక్కన నడవడానికి నీక్కూడా బ్యాడ్జీ ఇప్పిస్తా వదినా. లేకపోతే మా జెండాకి దారి చెప్పే మనిషినే పోలీసులు ఆపేస్తున్నారు."

నాయనమ్మ ఏదో అనబోయింది గానీ, ఒక్క తిట్టూ గుర్తు రాలేదు. తాతయ్యకు జీవితంలో అలాంటి అవకాశం అదే మొదలు. అయినా పాపం, ఒక్క మాట కూడా అనలేదు.