నేను తప్పు చదివిన్నా, బెన్?

సూరత్‌లో తెలుగు మీడియం బడిలో టీచరుగా చేరిన రెండో నెలలో నాకు ఒక సంగతి తెలిసింది. మూడో తరగతి. ఒక పిల్ల నిలబడి కుందేలు పాఠం గడగడా చదువుతోంది. ఎక్కడా తడబాటు లేదు. ఫ్యాను గాలికి పుస్తకంలో పేజీ తిరిగిపోయింది. కొత్త పేజీలో ఏనుగు బొమ్మ ఉంది. ఆ పిల్ల మాత్రం ఏనుగు కింది అక్షరాల మీద వేలు నడుపుతూ కుందేలు కథనే చివరిదాకా చదివేసి కూర్చుంది.

దగ్గరికి వెళ్ళి ఒక మాట మీద వేలు పెట్టి, "ఇదేంటమ్మా?" అని అడిగాను. నేల చూపులు చూసింది. ఆ వారమంతా ఒక్కొక్కరినీ పక్కన కూర్చోబెట్టుకున్నాను. నలుగురైదుగురికి తప్ప ఎవరికీ చదవడం రాదు. పాఠాలు మాత్రం అందరికీ నోటికొచ్చు.

హెడ్మాస్టరుకు చెప్తే ఆయన ఆశ్చర్యపోలేదు. "ఏళ్ళ తరబడి ఇంతే మేడం. పరీక్షలో అవే ప్రశ్నలు వస్తాయి, అవే జవాబులు రాస్తారు" అన్నారు.

మాది కోస్తా వైపు. మా ఆయన హజీరాలో ఒక ప్లాంటులో ఇంజనీరు. ఆయన ఉద్యోగం వల్ల ఈ ఊరు వచ్చాను. నా క్లాసు పిల్లల తల్లిదండ్రులు కరీంనగర్ పక్క పల్లెల నుంచి మగ్గాల మీద పనికి వచ్చినవాళ్ళు. మగ్గాలు నడిచే షెడ్డును ఇక్కడ ఖాతా అంటారు. పిల్లలు ఇంట్లో తెలంగాణ తెలుగు, గల్లీలో హిందీ, దుకాణంలో గుజరాతీ మాట్లాడతారు. నన్నందరూ బెన్, అంటే అక్క, అని పిలిచేవారు, ఇక్కడ టీచర్లను పిలిచేది అట్లాగే. పుస్తకంలో తెలుగు వాళ్ళకు ఎంత దూరమో, వాళ్ళ తెలుగు మొదట్లో నాకూ అంత దూరమే. గిట్ల, జర, ఏంది, ఇగో... మాటమాటకీ నాకు ముచ్చటగా ఉండేది. ఒక చిన్న నోటుబుక్కులో రాసుకునేదాన్ని కూడా.

పుస్తకాలు పక్కన పెట్టించాను. పొద్దున్నే ఒక్కొక్కరు ఒక మాట చెప్పాలి. వాళ్ళ ఇంటి సంగతి, గల్లీ సంగతి, ఏదైనా సరే. వాళ్ళు ఎట్లా చెప్తే అట్లాగే బోర్డు మీద రాస్తాను. తర్వాత దాన్ని వాళ్ళే చదవాలి. ఇది చాలా పాత పద్ధతేనని తర్వాత ఎవరో చెప్పారు. నాకైతే కొత్తది, ఆ బడికి మరీ కొత్తది.

మొదటి రోజు ఎవరూ నోరు విప్పలేదు. మూడో రోజు ఒకడు లేచి, "ఖాతా బందైతే మాకు నిద్ర వట్టది" అన్నాడు. పుట్టినప్పటి నుంచీ మగ్గాల చప్పుడులో పడుకున్న పిల్లలు. అందరూ నవ్వారు, అందరూ అవునన్నారు. నేనది పెద్ద అక్షరాలతో రాశాను. వాడు బోర్డు దగ్గరికి వచ్చి తన మాటను తనే కాసేపు చూసుకున్నాడు. "నేనన్నదేనా ఇది?" అని అడిగాడు. మర్నాటి నుంచి నా మాట రాయండంటే నా మాట రాయండని గొడవ.

దీపావళి సెలవులు వచ్చేసరికి క్లాసులో చాలామంది కూడబలుక్కుని చదవగలుగుతున్నారు. ఆలస్యంగా వచ్చేవాళ్ళు గేటు తీయకముందే వచ్చి నిలబడేవారు. నేను బోర్డు మీద తప్పు రాస్తే, "బెన్, నేను గట్ల అన్లే" అని దిద్దేవారు. కొట్టినా మాట్లాడని పిల్లలు నన్ను దిద్దుతుంటే నాకు గర్వంగా ఉండేది. ఎవరి మాటలతో వాళ్ళకు ఒక పుస్తకం కుట్టించాను. అట్ట మీద వాళ్ళ బొమ్మ వాళ్ళే వేసుకున్నారు.

ఏనుగు పేజీలో కుందేలు కథ చదివిన పిల్ల అందరికంటే ముందుకెళ్ళింది. బోర్డు దాకా ఆగకుండా తనే రాయడం మొదలుపెట్టింది, రోజుకో వాక్యం. "మా బాపు డబ్బా పట్కొని ఖాతాకు పోతడు." ఇంకోరోజు, "అమ్మ సాడీల దారాలు కత్తిరిస్తది." మరోరోజు, "బాపు పుల్ కింద కూసుంటడు." వంతెనను వాళ్ళు పుల్ అంటారు. ఆ మాటలో పొల్లు వదిలేసింది. పొల్లు పెట్టి, పక్కన టిక్కు కొట్టి, "శభాష్" అని రాశాను. అప్పుడు నేను చూసింది పొల్లు ఒక్కటే.

డిసెంబరులో ఒక శనివారం పొద్దున తల్లిదండ్రులను పిలిచాం. ఆలోచన నాదే. పిల్లలు తమ పుస్తకాలు తామే చదివి వినిపిస్తారు, మీరు రండి అని చీటీలు పంపాను. తల్లులు వచ్చారు. మగవాళ్ళు పనిలో ఉంటారు కనుక ముగ్గురో నలుగురో వచ్చారు. వాళ్ళలో ఆ పిల్ల తండ్రి ఒకడు. సన్నగా, ఇస్త్రీ చొక్కాతో, వెనక గోడకు ఆనుకుని నిలబడ్డాడు. పిల్ల బతిమాలితే సెలవు పెట్టి వచ్చానని చెప్పాడు. నేను ఏదో అడిగితే చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని వంగాడు. ఇరవై ఏళ్ళు మగ్గాల మధ్య ఉన్న మనిషి, వినికిడి సగం పోయింది.

పిల్ల వంతు వచ్చింది. ముందుకొచ్చి పుస్తకం తెరిచింది. వేలు పెట్టకుండా, తల ఎత్తి ఎత్తి చూస్తూ చదివింది.

"మా బాపు దినాం డబ్బా పట్కొని ఖాతాకు పోతడు. ఖాతాల మిషిన్లు లేవు. భంగారోడు కొంటవోయిండు. బాపు రింగ్ రోడ్ల పుల్ కింద కూసుంటడు. నేను రెండుసార్లు చూసిన. అక్కడ్నే రోటీ తింటడు. సాయంత్రం ఇంటికొస్తడు. అమ్మ చాయ్ ఇస్తది."

మొదటి వాక్యానికి తల్లులందరూ నవ్వు ముఖాలతో ఉన్నారు. మూడో వాక్యంలో భంగారోడు, అంటే తుక్కు కొనేవాడు, రాగానే ఆ నవ్వులు ఆగిపోయాయి. నాలుగో వాక్యానికి అందరి తలలూ వెనక్కి తిరిగాయి. నేను ఆపాలి. ఆపలేకపోయాను. అప్పటికి ఆ వాక్యాలన్నీ నేను చూసినవే, ఒక్కొక్కటీ ఒక్కొక్క రోజు. అన్నీ కలిపి ఒక్కసారి కూడా చదవలేదు.

అందరూ తన వైపు చూడడం తండ్రి గమనించాడు. కూతురు బాగా చదివినందుకే చూస్తున్నారనుకున్నాడు. నవ్వాడు. అందరికీ దండం పెట్టాడు. తర్వాత చప్పట్లు కొట్టడం మొదలుపెట్టాడు. ఆ గదిలో ఆ ఒక్క మనిషి చప్పట్లే.

తల్లి లేచి బయటికి వెళ్ళిపోయింది. అతను పక్కనున్న మనిషి వైపు వంగి, "ఏం చదివింది?" అని అడిగాడు. రెండోసారి అడిగాక ఆ మనిషి అతని చెవి దగ్గర నోరుపెట్టి ఏదో చెప్పాడు. తండ్రి ముఖాన్ని నేను ఎక్కువసేపు చూడలేకపోయాను.

సోమవారం ఆ పిల్ల అందరికంటే ముందు వచ్చి నా టేబుల్ పక్కన నిలబడింది.

"నేను తప్పు చదివిన్నా, బెన్?"

"లేదమ్మా. సరిగ్గానే చదివావు."

"మరి అమ్మెందుకు మాట్లాడ్తలేదు? బాపు గుడ మాట్లాడ్తలేడు."

పుల్ కింద కూర్చోవడమే బాపుకు కొత్త పని అనుకుందట ఆ పిల్ల. ఇంకో పిల్లతో అట్లా చెప్పిందని తర్వాత తెలిసింది.

ఆ సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. ఒకటే గది. గది నిండా చీరల కట్టలు. తల్లి నేల మీద కూర్చుని వేలాడే దారాలు కత్తిరిస్తోంది. కూర్చోమని పీట వేసింది గానీ కత్తెర ఆపలేదు. భర్త ఖటోదరాలో పనిచేసిన ఖాతా యజమాని పాత మగ్గాలన్నీ తుక్కు కింద అమ్మేసి కొత్త మిషన్లు వేస్తున్నాడట, వాటికి ఇంతమంది అక్కర్లేదట. ఆ సంగతి శనివారం దాకా ఆమెకు తెలియదు.

"పని వోయిందని నాకు బాధ లేదు బెన్. పని పోతది, ఇంకోటి దొరుకుతది" అంది. "నేను లేసి, రొట్టెలు చేసి, డబ్బా కట్టిస్తే అది వట్కపోయి సడక్ మీద కూసున్నడు. మూడు నెల్లు. నాకు ఒక్క మాట చెప్పద్దా? నా పిల్ల నోట, అందరి ముంగట ఇనాల్నా?"

అతను గుమ్మం దగ్గర కూర్చుని ఉన్నాడు. మా మాటలు ఎంతవరకు వినబడ్డాయో తెలియదు. నేను లేచేటప్పుడు దగ్గరికి వెళ్ళి గట్టిగా, "నన్ను క్షమించండన్నా. నాకు తెలియలేదు" అన్నాను.

"మీ తప్పేముంది బెన్" అన్నాడు. "పిల్లకు చదువు వచ్చింది. మంచిగ చదివిందట. నాకు ఇనరాలే." నేను చెప్పులేసుకుంటుంటే, "నేర్పుడు మంచిదే. జర ఇంటి సంగతులు ఇడిసిపెట్టి నేర్పున్రి" అన్నాడు.

ఆ మాట అతనొక్కడిదే కాదు. ఆ శనివారం గదిలో ఉన్న ప్రతి తల్లీ ఇంటికెళ్ళి తన పిల్లకు అదే చెప్పింది. ఆ వారమే నాకు తెలిసొచ్చింది. "ఎవరు చెప్తారు ఈ రోజు?" అంటే చేతులు లేచాయి, ఎప్పటిలాగే. ఒకడు లేచి, "మా ఇంట్ల అందరం మంచిగున్నం" అన్నాడు. రాశాను. తర్వాతి పిల్ల లేచి, "మా ఇంట్ల గుడ అందరం మంచిగున్నం" అంది. ఖాతా బందైతే నిద్ర పట్టదన్నవాడు కూడా అదే అన్నాడు. బోర్డంతా అదే వాక్యం. అందరూ తప్పుల్లేకుండా చదివారు.

హెడ్మాస్టరు తిట్టలేదు. "ఆపేయండి అనను మేడం. కానీ వాళ్ళ నోళ్ళు తెరిపించాక ఏమొస్తుందో మన చేతిలో ఉండదు కదా" అని మాత్రం అన్నారు.

ఆ పిల్ల తండ్రికి సూరత్ బయట కిమ్ అనే ఊళ్ళో ఒక ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పని దొరికింది. ఏడాది ముగియకుండానే కుటుంబమంతా అక్కడికి మారింది. అక్కడ తెలుగు బడి లేదు. సర్టిఫికెట్ కోసం తల్లీకూతుళ్ళు వచ్చిన రోజు, కాగితాలు తయారయ్యేలోపు పిల్లను క్లాసులోకి తీసుకెళ్ళాను. సుద్దముక్క ఇచ్చి, "పోయేముందు నీ మాట ఒకటి రాసి పో" అన్నాను. చాలాసేపు ఆలోచించింది. గుండ్రటి అక్షరాలతో, "సూరత్ పెద్ద శహరం" అని రాసింది. తప్పు లేదు. చెయ్యి దులుపుకుని బయటికి వెళ్ళింది.

రెండేళ్ళ తర్వాత రింగ్ రోడ్ మార్కెట్లో తల్లి కనబడింది. చీరల కట్ట దించి నిలబడి మాట్లాడింది. పిల్ల గుజరాతీ మీడియంలో క్లాసు ఫస్టట. పుస్తకం మొత్తం నోటికి అప్పజెప్తుందట. అర్థమై చెప్తుందా అని అడగబోయి ఊరుకున్నాను.

"ఇంట్ల మాత్రం నోరు తెరవది బెన్" అంది. "వాళ్ళ బాపుకు ఇనరాదు, దీనికి మాట్లాడరాదు. ఇద్దరికి మంచిగ కుదిరింది." నవ్వబోయింది. నవ్వు రాలేదు. కట్ట ఎత్తమంటే ఎత్తాను. తలమీద సర్దుకుని జనంలో కలిసిపోయింది.

నేను ఇప్పటికీ అట్లాగే నేర్పుతున్నాను. వేరే రకంగా నేర్పడం నాకు చేతకాదు, పాత పద్ధతికి వెళ్ళడానికి మనసొప్పదు. పిల్లలకు చదవడం త్వరగానే వస్తోంది. పైఆఫీసు వాళ్ళు వచ్చి గోడల మీది చార్టులు ఫొటోలు తీసుకెళ్ళారు. ఆ చార్టుల్లో అన్నీ గాలిపటాలు, వానలు, మేకపిల్లలు. ఏ మాట బడిలో చెప్పాలో, ఏది చెప్పకూడదో ఇప్పుడు పిల్లలకు నాకంటే బాగా తెలుసు. అది కూడా నేను నేర్పిందే.

మొన్న ఇంటి బెల్లు కొట్టాక ఒక పిల్ల ఆగిపోయింది. అందరూ వెళ్ళేదాకా చూసి దగ్గరికొచ్చి, "బెన్, ఇది రాయకున్రి. ఉత్తగ మీకు చెప్తున్న" అంది.

పక్కన కూర్చోబెట్టుకుని చివరిదాకా విన్నాను. ఆ పిల్ల చెప్పింది ఇక్కడా రాయను.